ఎనిమిదో గ్రేడు ఆల్జీబ్రా వెనక ఉన్న లెక్క

అమెరికాలో ఐదో గ్రేడు పిల్లలున్న ఇళ్లకు చలికాలం చివర్లో ఒక ఫారం వస్తుంది. వచ్చే ఏడాది మిడిల్ స్కూల్లో ఏయే సబ్జెక్టులు కావాలో టిక్ పెట్టమంటుంది. బ్యాండా, కోయిరా (బృందగానం), ఆర్టా అన్న దాని మీద ఇంట్లో అరగంట చర్చ నడుస్తుంది. గణితం దగ్గర మాత్రం చాలాచోట్ల రెండే గడులు ఉంటాయి: మ్యాథ్ 6, అడ్వాన్స్‌డ్ మ్యాథ్ 6. అడ్వాన్స్‌డ్ అంటే మన దగ్గర ఐఐటీ ఫౌండేషన్ సెక్షన్ లాంటిది కాబోలని కొందరు వెంటనే టిక్ పెట్టేస్తారు. ఇప్పటినుంచే పిల్లకి టెన్షన్ ఎందుకులే అని కొందరు వదిలేస్తారు. ఆ గడికీ, ఏడేళ్ల తర్వాత పన్నెండో గ్రేడులో కాలిక్యులస్ క్లాసులో కూర్చోవడానికీ ఉన్న సంబంధం ఆ ఫారంలో ఎక్కడా కనిపించదు.

తెలుగు రాష్ట్రాల్లో చదువుకుని వెళ్లిన తల్లిదండ్రులకు ఈ పద్ధతి బొత్తిగా కొత్త. ఇక్కడ పదో తరగతి దాకా అందరిదీ ఒకే గణితం. సీబీఎస్‌ఈ పదో తరగతిలో 2020 నుంచి స్టాండర్డ్, బేసిక్ అని రెండు రకాల పేపర్లు వచ్చినా సిలబస్ మాత్రం ఒకటే. దారి చీలేది పది అయ్యాక, ఎంపీసీనా బైపీసీనా అన్న దగ్గర. ఆ నిర్ణయం చుట్టాలందరికీ తెలుస్తుంది, మేనమామ కూడా ఒక మాట వేస్తాడు. అమెరికాలో ఆ చీలిక పది పదకొండేళ్ల వయసులో చప్పుడు లేకుండా జరిగిపోతుంది. ఎనిమిదో గ్రేడులో పక్కింటి అబ్బాయి ఆల్జీబ్రా హోంవర్క్ చేస్తూ కనబడేదాకా చాలా ఇళ్లలో ఆ సంగతే తెలియదు.

వెనక నుంచి లెక్కపెట్టాలి

అమెరికా హైస్కూల్ గణితం ఒక మెట్ల వరస. ఆల్జీబ్రా 1, తర్వాత జామెట్రీ, తర్వాత ఆల్జీబ్రా 2, తర్వాత ప్రీ-కాలిక్యులస్, ఆ పైన కాలిక్యులస్. ఒక్కో మెట్టుకు ఒక్కో ఏడాది. హైస్కూల్ అంటే తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్లు. మెట్లేమో ఐదు. నాలుగేళ్లలో ఐదు మెట్లెక్కాలంటే ఒకటి ముందే ఎక్కి ఉండాలి. ఎనిమిదో గ్రేడులో ఆల్జీబ్రా 1 గురించి అంత గొడవ జరగడానికి కారణం ఈ చిన్న తీసివేతే. తొమ్మిదిలో ఆల్జీబ్రా మొదలెట్టిన పిల్ల మామూలుగా పన్నెండులో ప్రీ-కాలిక్యులస్ దగ్గర ఆగుతుంది. ఎనిమిదిలో మొదలెడితే పన్నెండులో కాలిక్యులస్ అందుతుంది. ఏడులోనే మొదలెడితే పదకొండులో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) కాలిక్యులస్ బీసీ అయిపోయి, పన్నెండులో ఏం చదవాలన్న ప్రశ్న మిగులుతుంది.

ఎనిమిదిలో ఆల్జీబ్రా 1 కావాలంటే ఆరు, ఏడు, ఎనిమిది గ్రేడుల గణితం మొత్తం ఆరు, ఏడుల్లోనే అయిపోవాలి. అంటే మూడేళ్ల పాఠం రెండేళ్లలో. అడ్వాన్స్‌డ్ మ్యాథ్ 6 అనే గడి అర్థం ఇదే. కష్టమైన లెక్కలు చేయిస్తారని కాదు, పాఠాలు త్వరగా నడుస్తాయని. కొన్ని స్కూల్ డిస్ట్రిక్టుల్లో (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థలు) ఈ నొక్కుడు ఏడో గ్రేడులో మొదలవుతుంది, కొన్నిచోట్ల ఐదులోనే. పేర్లు కూడా ఎక్కడికక్కడ వేరు: యాక్సిలరేటెడ్, కంపాక్టెడ్, ఆనర్స్, ప్లస్, ప్రీ-ఏపీ. ఒక ఊళ్లో ఆనర్స్ అంటే వేగం, పక్క ఊళ్లో అదే పాఠం ఇంకాస్త లోతుగా. అందుకని స్కూల్లో కోర్సుల ఎంపికకు సాయపడే కౌన్సిలర్‌ను అడగాల్సింది కోర్సు పేరు కాదు. ఈ కోర్సులో ఏ గ్రేడు పాఠాలు చెబుతారు, ఇది అయ్యాక ఎనిమిదిలో నేరుగా ఏ కోర్సు వస్తుంది అన్నవి అడిగితే అసలు సంగతి తెలుస్తుంది.

రాష్ట్రాన్ని బట్టి మెట్ల పేర్లు కూడా మారతాయి. నార్త్ కరోలినాలో ఆల్జీబ్రా, జామెట్రీ అని విడివిడిగా కాకుండా మ్యాథ్ 1, మ్యాథ్ 2, మ్యాథ్ 3 అని కలిపి చెబుతారు. కాలిఫోర్నియాలో రెండు పద్ధతులూ ఉన్నాయి, డిస్ట్రిక్టు ఇష్టం. జార్జియా 2023-24 నుంచి తొమ్మిదో గ్రేడు కోర్సుకు 'ఆల్జీబ్రా: కాన్సెప్ట్స్ అండ్ కనెక్షన్స్' అని పేరు పెట్టింది. ఉద్యోగం మారి నార్త్ కరోలినాలోని కేరీ నుంచి టెక్సస్‌లోని ఫ్రిస్కోకు ఇల్లు మార్చే కుటుంబానికి ఇది మాటల తేడా కాదు. మ్యాథ్ 1 చదివిన పిల్లను ఆల్జీబ్రా 1 అయినట్టు లెక్కేయాలా వద్దా అన్నది కొత్త స్కూలు తేల్చాలి. పాత కోర్సు సిలబస్ కాగితం దగ్గరుంటే ఆ మాట త్వరగా తేలుతుంది.

విస్తరి భోజనం, విడివిడి వడ్డన

మన గణితం విస్తరి భోజనం లాంటిది. ఎనిమిదో తరగతిలో కొంచెం బీజగణితం, కొంచెం రేఖాగణితం, కొంచెం క్షేత్రమితి, కొంచెం సాంఖ్యకం. తొమ్మిదిలో అవే మళ్లీ ఇంకాస్త. పదిలో ఇంకాస్త, దాంతోపాటు త్రికోణమితి. అమెరికా హైస్కూల్లో పప్పంతా ఒక రోజు, కూరంతా ఒక రోజు. ఆల్జీబ్రా 1లో మన ఎనిమిదిలోని ఒక చరరాశి సమీకరణాలు, తొమ్మిదిలోని రెండు చరరాశుల సమీకరణాలు, పదిలోని వర్గ సమీకరణాలు అన్నీ ఒకే ఏడాదిలో వస్తాయి. పక్కనే ఘాతీయ ప్రమేయాలు, గ్రాఫులు. జామెట్రీ ఏడాదిలో నిరూపణలు, సరూప త్రిభుజాలు, వృత్తాలు, సైన్, కొసైన్.

అందువల్ల హైదరాబాదులో ఉన్న తాతయ్య ఫోన్లో, "మా మనవడు ఎనిమిదిలోనే పదో తరగతి లెక్కలు చేస్తున్నాడు" అని మురిసిపోతే అందులో సగం నిజం ఉంది. వర్గ సమీకరణం వరకు నిజమే. త్రికోణమితి, ఎత్తులు-దూరాలు వాడింకా చూడలేదు. అటునుంచి ఇటు తిరిగొచ్చి తొమ్మిదో తరగతిలో చేరిన పిల్లలు తడబడేది కూడా ఇక్కడే. వాళ్లకు సమీకరణాలు నీళ్ల ప్రాయం. కరణులను అకరణీయం చేయడం, పెద్ద పెద్ద గుణకారాలు కాగితం మీద చేయడం మాత్రం చుక్కలు చూపిస్తుంది. అక్కడి క్లాసులో గ్రాఫింగ్ కాలిక్యులేటరో, డెస్మాస్ అనే ఆన్‌లైన్ సాధనమో ఎప్పుడూ చేతికింద ఉంటుంది. ఇక్కడ ఎక్కాలే కాలిక్యులేటర్.

ఎంపీసీ చదివిన అమ్మానాన్నలు ఇంకో సంగతి గమనించాలి. వాళ్లు అవకలనం మొదటిసారి చూసింది ఇంటర్ మొదటి సంవత్సరంలో, 1బీ పేపర్లో. అంటే పదహారు, పదిహేడేళ్ల వయసులో. అమెరికాలో పన్నెండో గ్రేడు కాలిక్యులస్ వయసు కూడా దాదాపు అదే. ఎనిమిదిలో ఆల్జీబ్రా 1 తీసుకున్న పిల్ల మన ఎంపీసీ పిల్లల కంటే పెద్ద ముందేమీ లేదు, ఏపీ పరీక్ష రాసేనాటికి దాదాపు సరిసమానం. కాలిక్యులస్ చేరని పిల్ల కూడా ప్రీ-కాలిక్యులస్ దాకా చదువుతుంది. మన బైపీసీ పిల్లలకు పది తర్వాత గణితమే ఉండదు. వెనకబడిపోతున్నామన్న భయం ఈ పోలికతో కొంచెమైనా తగ్గాలి. వాట్సాప్ గ్రూపుల్లో పోలిక ఇలా నడవదు, అది వేరే సంగతి. అక్కడ పోల్చేది ఏడో గ్రేడులో జామెట్రీ చేస్తున్న ఒకే ఒక్క పిల్లవాడితో.

మ్యాథ్ 8 అంటే తక్కువదా

తెలుగు ఇళ్లలో బాగా పాతుకుపోయిన అపోహ ఒకటుంది. ఎనిమిదిలో ఆల్జీబ్రా దొరకని పిల్లలకు మ్యాథ్ 8 ఇస్తారు కాబట్టి మ్యాథ్ 8 అంటే పాత అంకగణితాన్ని మళ్లీ తిప్పడమేనని. 2010కి ముందు అది చాలావరకు నిజం. ఆ ఏడాది కామన్ కోర్ అనే ఉమ్మడి పాఠ్య ప్రమాణాలు వచ్చి, చాలా రాష్ట్రాలు వాటిని తీసుకున్నాక ఎనిమిదో గ్రేడు పాఠం మారిపోయింది. రేఖీయ సమీకరణాలు, వాలు, రెండు సమీకరణాల జంటలు, ప్రమేయం అనే భావన, పైథాగరస్ సిద్ధాంతం, కరణీయ సంఖ్యలు ఇప్పుడు మ్యాథ్ 8లోనే ఉన్నాయి. పాత ఆల్జీబ్రా 1లో మొదటి సగం కిందికి దిగింది. ఆ మేరకు కొత్త ఆల్జీబ్రా 1 బరువెక్కింది. టెక్సస్, వర్జీనియా కామన్ కోర్ తీసుకోలేదు, వాటి ప్రమాణాలు వాటివే. అక్కడ కూడా ఎనిమిదో గ్రేడు పాఠం తేలికైనదేమీ కాదు.

దీనివల్ల మ్యాథ్ 8ని దాటేసి ఆల్జీబ్రాకు వెళ్లడం పదిహేనేళ్ల కిందటి కంటే ఇప్పుడు పెద్ద గెంతు. కామన్ కోర్ రాసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. అందుకే వాళ్లు ఇచ్చిన నమూనా దారిలో ఏడు, ఎనిమిది, ఆల్జీబ్రా 1 మూడింటినీ రెండేళ్లలో కుదించమన్నారు గానీ దేన్నీ వదిలేయమనలేదు. కుదించడం వేరు, ఎగ్గొట్టడం వేరు. కొన్ని స్కూళ్లలో, ఇంకా ఎక్కువగా వేసవి ఆన్‌లైన్ కోర్సుల్లో, జరిగేది రెండోది. ఒక టెస్టు రాసి ఒక ఏడాది దాటేస్తారు. ఆ ఏడాదిలో ఉన్న వాలు అనే భావన పునాదిలో లేకుండానే పైఅంతస్తు లేస్తుంది. ఆల్జీబ్రా 1 సూత్రాలు కంఠతా పట్టి గట్టెక్కొచ్చు. ఆల్జీబ్రా 2లో ఆ డొల్లతనం బయటపడుతుంది.

ఇంకా వెనక్కి వెళ్తే అసలు గుండెకాయ ఐదు, ఆరు గ్రేడుల్లో ఉంది: భిన్నాలు, భాగహారం, నిష్పత్తులు. అమెరికా, బ్రిటన్ పిల్లల ఏళ్లతరబడి సమాచారం తీసుకుని 2012లో వెలువడిన ఒక అధ్యయనం ఆసక్తికరమైన విషయం చెప్పింది. పదేళ్ల వయసులో భిన్నాలూ భాగహారమూ ఎంత బాగా వచ్చో చూస్తే, హైస్కూల్లో ఆ పిల్లల గణితం ఎలా ఉండబోతోందో అంచనా వేయొచ్చు. తెలివితేటల పరీక్ష మార్కులను, కుటుంబ ఆదాయాన్ని పక్కన పెట్టి చూసినా ఆ సంబంధం నిలిచింది. అంతకుముందు 2008లో అమెరికా జాతీయ గణిత సలహా మండలి కూడా ఆల్జీబ్రాకు ముందు భిన్నాలు గట్టిపడాలనే చెప్పింది. రెండు బై మూడును నాలుగు బై ఐదుతో ఎలా భాగించాలో చాలామంది పిల్లలకు వచ్చు, తిరగేసి గుణించడమే. ఆ తిరగేయడం ఎందుకో బొమ్మ గీసి చెప్పగలిగే పిల్లకు అడ్వాన్స్‌డ్ మ్యాథ్ 6 భయం అక్కర్లేదు. చెప్పలేని పిల్లకు, ఏ కోర్సులో చేర్చాలో తేల్చే ప్లేస్‌మెంట్ టెస్టులో 95 పర్సెంటైల్ వచ్చినా ఒక్క ఏడాది ఆగడం నష్టం కాదు.

కాలిఫోర్నియా వేసిన రెండు పిల్లిమొగ్గలు

ఎనిమిదిలో ఆల్జీబ్రా ఎవరికి దొరకాలన్న వాదన అమెరికాలో పాతది. మిసిసిపీలో నల్లజాతి ఓటుహక్కు కోసం పోరాడిన రాబర్ట్ మోజెస్ 1982లో ఆల్జీబ్రా ప్రాజెక్టు మొదలుపెట్టారు. ఆల్జీబ్రా తెలియని పిల్లకు కాలేజీ తలుపులు మూసుకుపోతాయి కాబట్టి ఇది కూడా పౌరహక్కే అన్నది ఆయన వాదం. ఆ వాదం నుంచే అందరికీ ఆల్జీబ్రా అనే నినాదం పుట్టింది.

కాలిఫోర్నియా దాన్ని అక్షరాలా తీసుకుంది. 1997లో వచ్చిన ఆ రాష్ట్ర ప్రమాణాలు ఎనిమిదో గ్రేడుకే ఆల్జీబ్రా 1 అన్నాయి. 1999లో ఎనిమిదో గ్రేడు పిల్లల్లో దాదాపు 16 శాతం మంది ఆల్జీబ్రా చదివితే 2013 నాటికి ఆ సంఖ్య మూడింట రెండు వంతులకు చేరింది. చదివినవాళ్లు పెరిగారు గానీ ఫెయిలై మళ్లీ అదే కోర్సులో కూర్చున్నవాళ్లు కూడా పెరిగారు. నార్త్ కరోలినాలోని షార్లట్-మెక్లెన్‌బర్గ్ డిస్ట్రిక్టు ఈ శతాబ్దం మొదట్లో పిల్లలను గుంపుగా ముందుకు తోసింది. ఆ అనుభవాన్ని తర్వాత ఆర్థికవేత్తలు పరిశీలించారు. తయారు కాకుండానే ఆల్జీబ్రాలో పడ్డ పిల్లలు ఆ పరీక్షలోనూ, తర్వాతి జామెట్రీలోనూ వెనకబడ్డారని తేలింది.

కామన్ కోర్ వచ్చాక శాన్‌ఫ్రాన్సిస్కో పూర్తిగా ఎదురు వైపుకు పిల్లిమొగ్గ వేసింది. 2014లో అక్కడి స్కూల్ బోర్డు ప్రభుత్వ మిడిల్ స్కూళ్లలో ఆల్జీబ్రా 1నే తీసేసింది. ఎనిమిది దాకా అందరూ ఒకే క్లాసులో కూర్చోవాలి, ఆల్జీబ్రా తొమ్మిదిలోనే. పదేళ్ల వయసులో పిల్లలను వేరుచేస్తే నల్లజాతి, లాటినో పిల్లలు కింది ట్రాక్‌లో ఇరుక్కుపోతున్నారన్నది కారణం. ఆ కారణంలో నిజముంది. అయితే ఫలితం ఏమైంది? కాలిక్యులస్ కావాలనుకున్న కుటుంబాలు వేరే దారులు వెతికాయి. డబ్బున్నవాళ్లు ప్రైవేటు స్కూళ్లకు వెళ్లారు, ఆన్‌లైన్లో ఆల్జీబ్రా కొనుక్కున్నారు. మిగిలినవాళ్లకు పదకొండులో ఆల్జీబ్రా 2నూ ప్రీ-కాలిక్యులస్‌నూ కలిపి కుక్కిన కోర్సు దిక్కయింది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో లెక్కలు తీస్తే, మొదట్లో ఏపీ గణితంలో చేరేవాళ్లు తగ్గారని, పై కోర్సుల్లో జాతుల మధ్య తేడా మాత్రం తగ్గలేదని తేలింది. 2024 ఫిబ్రవరిలో బోర్డు వెనక్కి తగ్గింది. మార్చిలో నగర ఓటర్ల ముందుకు సలహా తీర్మానంగా వచ్చిన ప్రపోజిషన్ జీకి 80 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. ఒక నగరం ఎనిమిదో గ్రేడు సిలబస్ మీద ఓటు వేసిందంటే దాని వెనక ఎంత కడుపుమంట ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

రెండు పిల్లిమొగ్గలూ తప్పు చేశాయి. మొదటిది పిల్లలను పైకి తోసింది గానీ నాలుగు, ఐదు గ్రేడుల్లో వాళ్లకు భిన్నాలు ఎవరు చెప్పారో చూడలేదు. రెండోది తలుపు మూసింది గానీ కిటికీ కొనుక్కోగలిగినవాళ్లను ఆపలేకపోయింది. దేశం మొత్తం మీద చూస్తే, పదమూడేళ్ల పిల్లల్లో ఆల్జీబ్రా చదువుతున్నామని చెప్పినవాళ్లు 2012లో 34 శాతం. 2023 నాటికి 24 శాతానికి పడిపోయారు. ఈ అంకెలు నేప్ అనే జాతీయ పరీక్షవి.

టెక్సస్ తిప్పిన తాళంచెవి

ఈ రెంటికీ మధ్య దారి టెక్సస్‌లో దొరికింది. దాన్ని ముందు డల్లాస్ డిస్ట్రిక్టు 2019-20లో పట్టుకుంది. అడ్వాన్స్‌డ్ కావాలనుకున్నవాళ్లు అడగాలి అనే పద్ధతిని తిరగేసి, అర్హత ఉన్న పిల్లలను నేరుగా చేర్చేసి, వద్దనుకున్నవాళ్లే సంతకం పెట్టి తప్పుకోవాలి అంది. తర్వాత 2023లో రాష్ట్ర శాసనసభ సెనేట్ బిల్ 2124 ద్వారా అదే పద్ధతిని రాష్ట్రమంతటికీ తెచ్చింది. ఐదో గ్రేడులో స్టార్ అనే రాష్ట్ర గణిత పరీక్షలో గానీ, డిస్ట్రిక్టు పెట్టుకున్న కొలతలో గానీ పై 40 శాతంలో ఉన్న పిల్లలను ఆరో గ్రేడు అడ్వాన్స్‌డ్ గణితంలో స్కూళ్లే, ఎవరూ అడగకుండా, చేర్చాలి. ఆ కోర్సు ఎనిమిదిలో ఆల్జీబ్రా 1కు చేర్చేదై ఉండాలి. వద్దనుకుంటే తల్లిదండ్రులు బయటికి తేవచ్చు. 2024-25 నుంచి ఇది అమల్లో ఉంది. నార్త్ కరోలినా 2018లోనే ఇలాంటి చట్టం చేసింది. రాష్ట్ర పరీక్షలో అత్యున్నత స్థాయి వచ్చిన పిల్లను తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేకుండా పై కోర్సులోంచి తీయడానికి వీల్లేదు.

ఫారం మీద టిక్ ఎవరు పెట్టాలన్న చిన్న మార్పు ఇంత తేడా ఎందుకు తెచ్చింది? పాత పద్ధతిలో ఎంపిక జరిగేది నిజానికి పిల్లల మధ్య కాదు, తల్లిదండ్రుల మధ్య. ఎవరికి ఇంగ్లీషు ధైర్యం ఉంది, ఎవరు కౌన్సిలర్‌కు మెయిల్ రాయగలరు, ఎవరి వాట్సాప్ గ్రూపులో గడువు తేదీ తిరుగుతోంది అన్నదే నిర్ణయించేది. ఫ్రిస్కోలో గానీ, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో గానీ, వర్జీనియాలోని యాష్‌బర్న్‌లో గానీ ఉన్న తెలుగు ఇంజినీర్ల కుటుంబాలకు ఆ ధైర్యం దండిగా ఉంది. అదే డల్లాస్‌లో రెండు ఉద్యోగాలు చేసే తల్లికి ఆ తీరిక లేదు. చట్టం వచ్చాక ఆమె పిల్ల కూడా ఆ క్లాసులో కూర్చుంటోంది. పోటీ పెరిగిందని మనవాళ్లలో కొందరు గొణుక్కున్నా, ఈ విషయంలో టెక్సస్ చేసింది న్యాయం.

జామెట్రీని వేసవిలో తాగేయడం

పై 40 శాతం అందరూ ఒకే క్లాసులోకి వచ్చేసరికి, ముందున్నామన్న తృప్తి కోసం కొన్ని కుటుంబాలు ఇంకో మెట్టు వెతుకుతున్నాయి: ఏడులోనే ఆల్జీబ్రా 1, ఎనిమిదిలో జామెట్రీ. గణితమంటే ప్రాణం పెట్టే కొద్దిమందికి ఇది సరైన దారే. స్కూల్ సిలబస్‌తో వాళ్లకు ఆకలి తీరదు. మిగతావాళ్లను చూస్తే మాత్రం, ఆల్జీబ్రా 1కూ ఆల్జీబ్రా 2కూ మధ్య ఉన్న జామెట్రీని ఆరు వారాల వేసవి కోర్సులో తాగేసి వస్తున్నారు. నిరూపణ అంటే ఏమిటో పిల్లలు నేర్చుకునే ఒకే ఒక్క ఏడాది అది. ఎందుకు అని అడిగి, కారణాలు వరసగా రాసి, ముగింపుకు చేరే పద్ధతి ఆరు వారాల్లో ఒంటబట్టదు. ముందుకు దూకడానికి ఏ ఏడాదిని ఎగ్గొట్టినా జామెట్రీని ఎగ్గొట్టకూడదన్నది ఈ వ్యాసం పక్షం.

ఇంకో ఆచరణ సమస్య పన్నెండో గ్రేడులో ఎదురవుతుంది. కాలిక్యులస్ బీసీ పదకొండులో అయిపోయాక ఆపై కోర్సు అన్ని హైస్కూళ్లలో ఉండదు. అసలు కాలిక్యులస్సే దేశంలోని హైస్కూళ్లలో దాదాపు సగంలో దొరకదు. అప్పుడు కమ్యూనిటీ కాలేజీలో (స్థానిక రెండేళ్ల కాలేజీ) మల్టీవేరియబుల్ కాలిక్యులస్ తీసుకోవాలి, లేదా ఏపీ స్టాటిస్టిక్స్ చదవాలి, లేదా ఒక ఏడాది గణితం లేకుండా గడపాలి. కాలేజీకి ముందు ఏడాది గణితం ఆగిపోవడం ఇంజినీరింగ్ చదవబోయే పిల్లకు మంచిది కాదు.

దాహం ఉన్న పిల్లకు వేగం కాకుండా లోతు ఇచ్చే మార్గాలు మిడిల్ స్కూల్లోనే ఉన్నాయి. 1983 నుంచి నడుస్తున్న గణిత పోటీ మ్యాథ్‌కౌంట్స్ ఆరు నుంచి ఎనిమిదో గ్రేడు పిల్లలకు. ఏఎంసీ 8 అనే గణిత పోటీ పరీక్షలో 40 నిమిషాల్లో 25 ప్రశ్నలు. వీటిలో ఆల్జీబ్రా 2 అక్కర్లేదు. లెక్కింపు, సంఖ్యల తీరు, సంభావ్యత, కొంచెం తెలివి చాలు. ఆరో గ్రేడు పాఠంతోనే ఆరు గంటలు కొరుక్కుతినే లెక్కలుంటాయి. ట్యూషన్ సెంటర్లో వర్క్‌షీట్ మీద వర్క్‌షీట్ నింపడం వేగాన్ని పెంచుతుంది, నిజమే. ఆ వేగం వల్లే స్కూల్ క్లాసు చప్పగా అనిపించి, ఇంకా పై క్లాసుకు వెళ్లాలన్న ఒత్తిడి పుట్టడం కూడా మామూలే.

మార్కులు ఎక్కడికి వెళ్తాయి

ఎనిమిదిలో ఆల్జీబ్రా 1 తీసుకుంటే అది హైస్కూల్ క్రెడిట్, అంటే ఒక హైస్కూల్ కోర్సు పూర్తయినట్టే లెక్క. ఈ చిన్న వాక్యంలో పెద్ద మెలిక ఉంది. పదమూడేళ్ల పిల్ల తెచ్చుకున్న బీ గ్రేడు హైస్కూల్ మార్కుల పత్రమైన ట్రాన్స్‌క్రిప్ట్ మీద నాలుగేళ్లు కూర్చుంటుంది. కొన్ని డిస్ట్రిక్టులు దాన్ని సగటు గ్రేడు లెక్కైన జీపీఏలో కలుపుతాయి, కొన్ని కలపవు. కోర్సులో చేరకముందే అడిగి తెలుసుకోవాలి. వర్జీనియాలో తల్లిదండ్రులు కోరితే మిడిల్ స్కూల్లో తీసుకున్న హైస్కూల్ కోర్సు గ్రేడును ట్రాన్స్‌క్రిప్ట్‌లోంచి తీయించుకోవచ్చు, క్రెడిట్ కూడా పోతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రవేశానికి కనీసం మూడేళ్ల హైస్కూల్ స్థాయి గణితం అడుగుతుంది, నాలుగేళ్లు ఉంటే మంచిదంటుంది. ఏడు, ఎనిమిది గ్రేడుల్లో చదివిన ఆల్జీబ్రా, జామెట్రీలను ఆ లెక్కలో ఒప్పుకుంటుంది.

మధ్యలో ఇండియా నుంచి వచ్చిన పిల్లల సంగతి వేరు. ఏడో తరగతి సగంలో హైదరాబాదు నుంచి వచ్చిన పిల్లకు స్టార్ మార్కులు ఉండవు, డిస్ట్రిక్టు కొలతలూ ఉండవు. చాలాసార్లు మామూలు మ్యాథ్ 7లో కూర్చోబెట్టేస్తారు. టెక్సస్‌లో అయితే ఒక తలుపు ఉంది. క్రెడిట్ బై ఎగ్జామ్ కింద క్లాసుకు వెళ్లకుండా పరీక్ష రాసి 80 శాతం తెచ్చుకుంటే కోర్సు అయినట్టే. ఈ మాట కౌన్సిలర్ తనంతట తాను చెప్పకపోవచ్చు. మిగతా రాష్ట్రాల్లో ప్లేస్‌మెంట్ టెస్టు పెట్టమని అడగాలి. అడిగేటప్పుడు అక్కడి రిపోర్టు కార్డుతో పాటు పాఠ్యపుస్తకం విషయసూచిక చూపిస్తే పని త్వరగా అవుతుంది. గణితం అని ఒకే పేరుతో ఉన్న మన మార్కుల కాగితం చూసి, అందులో బీజగణితం ఎంతో వాళ్లకు అర్థం కాదు.

ఎనిమిదిలో ఆల్జీబ్రా తప్పిపోయిన పిల్లలకు కాలిక్యులస్ పోయినట్టేనా? కాదు. పదో గ్రేడులో జామెట్రీ, ఆల్జీబ్రా 2 పక్కపక్కన చదవొచ్చు. ఒక ఎలక్టివ్ (ఐచ్ఛిక సబ్జెక్టు) వదులుకోవాలి, అంతే. సెమిస్టర్‌కు నాలుగే సబ్జెక్టులు నడిపే స్కూళ్లలో ఏడాదికి రెండు గణితం కోర్సులు పడతాయి, అక్కడ పట్టుకోవడం ఇంకా తేలిక. పదిహేనేళ్ల పిల్ల తానే కోరుకుని రెండు కోర్సులు మోయడం, పదకొండేళ్ల పిల్లను అమ్మానాన్న తోయడం కంటే చాలాసార్లు బాగా కుదురుతుంది.

కిందికి దిగడానికీ, పైకి ఎక్కడానికీ స్కూళ్లు పెట్టే షరతులు మాత్రం సమానంగా ఉండవు. చాలాచోట్ల అడ్వాన్స్‌డ్ క్లాసు నుంచి మామూలు క్లాసుకు మారాలంటే మొదటి కొన్ని వారాల్లో ఒక సంతకం చాలు. మామూలు క్లాసు నుంచి అడ్వాన్స్‌డ్‌కు వెళ్లాలంటే ఏడాది చివరి పరీక్ష, టీచర్ సిఫారసు, కొన్నిచోట్ల వేసవి కోర్సు అడుగుతారు. అందుకే ఐదో గ్రేడు చివర్లో ఎటూ తేల్చుకోలేని ఇల్లు అడ్వాన్స్‌డ్ గడికే టిక్ పెట్టి, సెప్టెంబరులో హోంవర్క్ దగ్గర పిల్ల మొహం చూడటం లెక్క ప్రకారం సరైన పని. ఆ సంతకానికి ఉన్న గడువు తేదీని ఆగస్టులోనే క్యాలెండర్‌లో రాసిపెట్టుకోవాలి.